చేపల్లేని తొట్టికి నెల రోజులు మేత

మొన్న ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర నిలబడి చేపల తొట్టి నీళ్ళు పరీక్షించే గాజు గొట్టాన్ని రంగుల కార్డు పక్కన పెట్టి చూశాను. అమ్మోనియా గొట్టం పసుపు, అంటే సున్నా. నైట్రైట్ గొట్టం లేత నీలం, అదీ సున్నా. తొట్టి నీళ్ళు చేపలకి తగినట్టు తయారవడానికి 34 రోజులు పట్టింది. ఆ సాయంత్రమే 6 గప్పీ చేపలు తొట్టిలో దిగాయి. ఇవాళ బుధవారం, ఆరూ తిరుగుతున్నాయి. ఈ వేడి చల్లారకముందే రాసి పెడుతున్నాను. ఎందుకంటే ఒడిశాలోని మా బరంపురంలో ఇంతమందిని అడిగితే అసలు సంగతి చెప్పిన మనిషి నాకు ఒక్కడూ తగల్లేదు.

ఎందుకు మొదలెట్టానంటే, నాన్నకి వారానికి 3 సార్లు డయాలసిస్, మిగతా రోజులు మంచం. ఆ మంచం మీంచి చూడ్డానికి కదిలేదేదైనా ఉండాలనిపించింది. కుక్కంటే ఇంకో సేవ. రామచిలకని పెంచమన్నారు ఇద్దరు ముగ్గురు. దాన్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమంటే నవ్వారు. చివరికి చేపలు మిగిలాయి. "ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని ఇప్పుడీ సరదాలేంటి" అన్నవాళ్ళకి నేను జవాబు చెప్పలేదు, ఇక్కడ చెబుతాను. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో నవ్వాలంటే చుట్టాల దగ్గర సెలవు చీటీ తెచ్చుకోవాలా?

తొట్టి కొనడం, నిలబెట్టడం తేలికే. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. అంగుళాల్లో మూడూ గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఇది నిండా పోస్తే 56, పైన కొంత ఖాళీ వదిలితే 50. నీళ్ళూ గాజూ రాళ్ళూ కలిసి 70 కిలోలు దాటుతుంది కాబట్టి ప్లాస్టిక్ స్టూలు పనికిరాదు. కింద థర్మోకోల్ షీటు పరిస్తే బల్ల మీది ఎగుడుదిగుళ్ళకి గాజు పగలదు. ముందు ఒక రోజంతా నీళ్ళు నింపి కారుతోందేమో చూడాలి. రాళ్ళు ఒకటిన్నర అంగుళం మందాన 11 కిలోలు పట్టాయి. బకెట్లో వేసి నీళ్ళు తేరేదాకా కడిగాను, పది పన్నెండు సార్లు పట్టింది. వడపోతకి స్పంజి ఫిల్టరు, దానికి గాలి పంపు. అంతే, ఇందులో గొప్పేం లేదు.

అసలు గొడవ నీళ్ళలో ఉంది. అది ఎవడూ చెప్పడు.

మొదటిసారి బజారులో ఒక దుకాణంవాడు తొట్టితోపాటే 8 చేపలు కట్టిచ్చాడు, అందులో 2 గోల్డ్‌ఫిష్‌లు. "ఆజ్ఞా (ఒడియాలో అయ్యా అని), ఇవాళే వేసేయండి, ఏం కాదు" అన్నాడు. మూడో రోజుకి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి, మొప్పలు ఎర్రగా కందిపోయాయి. పక్కింటి పిన్ని చూసి "నీళ్ళు మురికయిపోయాయి బాబూ, మొత్తం పారబోసి కడిగీ" అంది. కడిగాను. రాళ్ళు, స్పంజి, గాజు, అన్నీ కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగాను. మర్నాటికి రెండు పోయాయి. దుకాణానికి పరిగెడితే నీలం మందు సీసా ఇచ్చాడు. తొట్టి నీలంగా అయింది. ఆరో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. ఆ 8 చేపల్నీ చంపింది మురికి కాదు, మా శుభ్రం.

జరిగేది ఇది. చేప ఒంట్లోంచి అమ్మోనియా ఎక్కువగా మొప్పల గుండానే నీళ్ళలోకి వచ్చేస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, నెత్తురు ప్రాణవాయువుని మోయకుండా చేస్తుంది. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌ని చేప చాలావరకు ఓర్చుకుంటుంది, మనం వారానికోసారి కొన్ని నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ రెండో రకం పేరు పాత పుస్తకాల్లో నైట్రోబాక్టర్ అని ఉంటుంది గానీ, మంచినీటి తొట్లలో ఆ పని చేసేది నైట్రోస్పైరా జాతి అని 1998లో తేల్చారు. ఇవి నీళ్ళలో తేలవు, స్పంజినీ రాళ్ళనీ పట్టుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో దాదాపు ఉండవు, పాలు తోడుకున్నట్టు రాత్రికి రాత్రి పెరగవు, ఒక్కసారి రెట్టింపు కావడానికే దాదాపు ఒక రోజు తీసుకుంటాయి. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కి చస్తాయి. నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, వీటికీ ముప్పే. అంటే నేను ముందు కడిగి చంపాను, మిగిలినవాటికి దుకాణంవాడు మందు పోశాడు.

ఇది చదివి తెలుసుకున్నాక చుక్కల టెస్ట్ కిట్ తెప్పించాను. 8 చేపల కంటే దాని ఖరీదే ఎక్కువ. కాగితం పట్టీల కిట్లు చవక, కానీ చాలావాటిలో అమ్మోనియాకి గడే ఉండదు, మనకి కావలసింది అదే. తొట్టి నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని, అమ్మోనియా ఎక్కువై ముదురాకుపచ్చగా మారిన గొట్టం జేబులో పెట్టుకుని అదే దుకాణానికి వెళ్ళాను. వాడి తొట్టిలో ఏళ్ళ తరబడి నడుస్తున్న స్పంజి ఒకటుంది. దాన్ని నా సీసాలో ఒక్కసారి పిండి ఇమ్మన్నాను. ఆ గోధుమరంగు జిగురులోనే బ్యాక్టీరియా ఉంటుంది, కొత్త తొట్టికి అదే తోడు, నెల పట్టేది పది పదిహేను రోజుల్లో తేలిపోతుంది. దుకాణంలో ఆరేడుగురున్నారు. వాడు గొట్టం చేతిలోకి తీసుకుని అందరికీ చూపించి, "మేష్టారికి మాఛ (చేప) కావాలా, కెమిస్ట్రీ కావాలా ఆజ్ఞా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకాయన సీసా వైపు చూసి "డాక్టరు గారు ఏం రాశారు?" అన్నాడు. ఒడియాలో ఇంకేదో అన్నారు, దానికి ఇంకా నవ్వారు. నాకు ఒడియా రాదనుకున్నట్టున్నారు. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, రాకేం? స్పంజి పిండలేదు. మురికి నీళ్ళు అమ్మితే దుకాణం పరువు పోతుందట. నా పరువు పోయింది గదా, దాని లెక్క లేదు.

అందుకే చెబుతున్నా, చేపలు పెంచేవాళ్ళు తెలిసుంటే మొదట వాళ్ళింటికి వెళ్ళి స్పంజి పిండించుకోండి, దుకాణానికి కాదు. ఆ ఇంట్లో చేపలు రోగంతో లేవని చూసుకుంటే చాలు.

నాకు ఎవరూ దొరకలేదు గనక ఖాళీ తొట్టితో మొదలెట్టాను. కుళాయి నీళ్ళు వెడల్పు బకెట్లలో 24 గంటలు తెరిచి ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. తొందరుంటే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేయొచ్చు, దుకాణాల్లో యాంటీక్లోరిన్ అంటారు. పంపు రాత్రింబగళ్ళు నడవాలి. రోజూ పొద్దున్న ఒక చిటికెడు చేపల మేత ఖాళీ నీళ్ళలో వేయాలి. అది కుళ్ళి అమ్మోనియా అయితేనే బ్యాక్టీరియాకి తిండి. నాన్న మంచం మీంచి రోజూ ఒకే ప్రశ్న: "ఏట్రా, నీళ్ళకి మేతేస్తన్నావా?" చూడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా ఆయనే చెప్పేవారు, "మావాడు నీళ్ళు పెంచుతున్నాడు" అని. డయాలసిస్ మొదలయ్యాక ఆయన వేళాకోళం చేయడం అదే మొదలు. నవ్వులపాలయితే అయ్యాననుకున్నాను.

నాలుగో రోజు నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కంగారుపడి మార్చకూడదు, అవి వేరే రకం బ్యాక్టీరియా, రెండు మూడు రోజుల్లో వాటంతటవే తేరతాయి. ఆరో రోజు అమ్మోనియా కార్డు లెక్కలో 1, తొమ్మిదో రోజు 2, పదమూడో రోజు 4. అప్పుడే నైట్రైట్ గొట్టంలో మొదటిసారి ఊదా ఛాయ కనిపించింది. పద్దెనిమిదో రోజుకి అమ్మోనియా దిగడం మొదలెట్టింది, నైట్రైట్ కార్డులో ఆఖరి గడికి, అంటే 5కి ఎక్కి కూర్చుంది. అక్కడే 9 రోజులు కదల్లేదు. రోజూ గొట్టం నిండా అదే ముదురు వంకాయ రంగు. ఆ 9 రోజులూ నాకు పిచ్చెక్కింది. బ్యాక్టీరియా చచ్చిందనుకుని ఇంకాస్త మేత వేశాను. తప్పంతా అక్కడే ఉంది. రాళ్ళ సందుల్లోకి సిరంజితో గాలి ఊదితే తెల్లటి బూజు పట్టిన మేత ముద్దలు లేచాయి. నేను వేసినదంతా అక్కడ కుళ్ళుతూ ఉంటే నైట్రైట్ ఎలా దిగుతుంది? నీళ్ళు లాగే గొట్టంతో ఆ ముద్దలు లాగేసి, సగం నీళ్ళు మార్చి, 3 రోజులు మేత మానేశాను. ఇరవై తొమ్మిదో రోజుకి వంకాయ రంగు పలచబడింది.

టెస్ట్ చేసేటప్పుడు రెండు చోట్ల మోసపోతారు. ట్యూబ్‌లైటు కింద పసుపు కూడా ఆకుపచ్చగా కనబడుతుంది, పగటి వెలుగులోనే కార్డుతో పోల్చాలి. కిట్‌లో నైట్రేట్ పరీక్షకి వాడే రెండో సీసాలో మందు అడుక్కి పేరుకుంటుంది, అర నిమిషం గట్టిగా ఊపకపోతే ఎప్పుడు చూసినా సున్నాయే చూపిస్తుంది. రెండు రోజులు నాకు నైట్రేట్ లేదనుకున్నాను, ఊపాక చూస్తే 40.

ఎదురుచూసే ఆ నెలలో నాన్నకి ఓపికున్న ఒక సాయంత్రం ఆటోలో గోపాల్‌పూర్ తీసుకెళ్ళాను, 15, 16 కిలోమీటర్లు. ఇసుకలో నడవలేరు గనక రోడ్డు పక్క బెంచీ మీదే అరగంట. ఇలాంటి మనుషుల్ని తిప్పేటప్పుడు డయాలసిస్ మర్నాడు వెళ్ళడం మేలు, ఆ రోజే అయితే నీరసం. తిరిగొస్తూ సముద్రపు ఇసుక తొట్టికి పట్టుకెళదామన్నారు. వద్దన్నాను. అందులో ఉప్పు, గవ్వల పొడి ఉంటాయి. నల్లగా మెరిసేది ఇల్మనైటు అనే ఖనిజం, ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ తీరపు ఇసుకలోంచే దాన్ని వేరు చేస్తుంది. దాని బదులు దారిలో చెట్టు కింద రాలిన బాదం ఆకులు ఏరుకున్నాం, మన నాటు బాదం. పూర్తిగా ఎండి గోధుమరంగుకి వచ్చినవే తీసుకోవాలి, పచ్చివి కుళ్ళుతాయి. కడిగి, 50 లీటర్లకి ఒక పెద్దాకు. నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, భయం లేదు. సంచీ నాన్నే పట్టుకున్నారు, ఇవ్వలేదు.

ముప్పై మూడో రోజు మేత దట్టంగా వేశాను, మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. తొట్టి పాకానికి వచ్చిందనడానికి పరీక్ష అదే. సగం నీళ్ళు మార్చి నైట్రేట్ దించి చేపలకి వెళ్ళాను, ఈసారి వేరే దుకాణం. 2 మగ, 4 ఆడ. మగవి ఎక్కువైతే ఆడవాటి వెంటపడి చంపుకుతింటాయి. గోల్డ్‌ఫిష్ మాట ఎత్తలేదు. అది జానెడు పైనే పెరిగి పదేళ్ళు దాటి బతికే చేప, గాజు గిన్నెలో వేసి అమ్మేవాళ్ళని ఏమనాలో తెలీదు. సంచీని 20 నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, కొంచెం కొంచెం తొట్టి నీళ్ళు అందులో కలిపి, చివరికి చేపల్ని వలతో వదిలాను. దుకాణం నీళ్ళు తొట్టిలో పోయొద్దు.

ఇక్కడి కరెంటు సంగతి వేరే చెప్పాలా? పంపుని నీటి మట్టం కంటే ఎత్తున పెట్టండి, లేదా గొట్టంలో నాన్‌రిటర్న్ వాల్వు బిగించండి. కరెంటు పోగానే నీళ్ళు గొట్టం గుండా వెనక్కి పంపులోకి, అక్కణ్ణుంచి ప్లగ్గులోకి వస్తాయి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. ఒక బ్యాటరీ పంపు దగ్గరుంచుకోవాలి. అదీ లేకపోతే గంటకోసారి చెంబుతో నీళ్ళు ఎత్తి పైనుంచి పోయాలి, ఆ రోజు మేత మానేయాలి.

ఇక రోజువారీ పని పది నిమిషాలే. 2 నిమిషాల్లో ఎంత తింటాయో అంతే మేత, వారానికో రోజు పస్తు. వారానికి పావు వంతు నీళ్ళు మార్పు. స్పంజి అలా తీసిన తొట్టి నీళ్ళలోనే పిండాలి, కుళాయి కింద ఎప్పుడూ వద్దు. నైట్రైట్ మళ్ళీ కనిపిస్తే లీటరుకి గ్రాము లెక్కన కల్లుప్పు నీళ్ళలో కరిగించి పోస్తే చేపకి దాని విషం తక్కువగా ఎక్కుతుంది, నీళ్ళు మార్చడం మాత్రం మానకూడదు.

ఆడవాటిలో రెండింటికి తోక మొదట్లో నల్లమచ్చ ముదిరింది, కడుపుతో ఉన్నాయి. నెలలోపే పిల్లలు పడతాయి. దాక్కోడానికి దట్టంగా నాచు లేకపోతే తల్లే తినేస్తుంది. నాచు రేపు తేవాలి, పొటాషియం పర్మాంగనేట్ కలిపిన లేత గులాబీ నీళ్ళలో పది నిమిషాలు ముంచి వేయాలి. పిల్లలు ఎక్కువైతే చెరువులో వదలమన్నాడొకడు. అది మాత్రం చేయకండి, ఊరి చేపల గుడ్లూ పిల్లలూ వీటికి మేతవుతాయి. పక్కింటి పిన్ని తన గోలెంలో దోమపిల్లల్ని తినడానికి నాలుగు అడిగింది. ఇస్తానన్నాను, గోలెం కుళాయి నీళ్ళతో తోమి కడగనని ఒట్టేయించుకున్నాకే.