ఇటెన్‌లో స్ఫూర్తి గురించి ఎవరూ మాట్లాడరు

మా పెద్దమ్మ కొడుకు కెన్యా రాజధాని నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. “ఇంత దూరం వచ్చి సింహాలను చూడకుండా, మనుషులు పరుగెత్తడం చూస్తానంటావేమిట్రా?” అని ఎల్డొరెట్‌లో విమానం దిగేదాకా సణుగుతూనే ఉన్నాడు. అక్కడి నుంచి, పరుగు వీరుల ఊరుగా పేరున్న ఇటెన్‌కు దాదాపు 35 కిలోమీటర్లు. మతాతు అనే పద్నాలుగు సీట్ల వ్యానులో ఇరుక్కుని కూర్చున్నాం. ఇరువైపులా మొక్కజొన్న చేలు, బంగాళాదుంప మడులు, మేస్తున్న ఆవులు. రోడ్డు పక్కన ముగ్గురు నలుగురు చొప్పున పరుగెత్తేవాళ్లు కనిపించడం మొదలైందంటే ఊరు దగ్గరపడినట్టే. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా కట్టిన కమాను మీద ‘విజేతల ఊరికి స్వాగతం’ అని రాసి ఉంటుంది. అది దాటితే కూరగాయల బండ్లు, మోటారుసైకిల్ టాక్సీలు, టీ హోటళ్లు. ఊరి అంచున నేల ఉన్నట్టుండి తెగిపోయి, వెయ్యి మీటర్లకు పైగా కింద కెరియో లోయ కనిపిస్తుంది. అన్నయ్య సణుగుడు అక్కడ కాసేపు ఆగింది.

ఇటెన్ సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. మన అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు, అంతే. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా ఒకటే. కానీ పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి ఇటెన్‌లో ఒక్కో శ్వాసకు దక్కే ఆక్సిజన్ నాలుగో వంతు దాకా తక్కువ. ఆ కొరతను పసిగట్టి మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. దానివల్ల ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. కాకపోతే ఇందుకు కనీసం మూడు వారాలు పడుతుంది. నాలాగా సెలవు చూసుకుని వచ్చి, కమాను కింద ఫోటో దిగి వెళ్లేవాళ్ల రక్తంలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు. ఆయాసం మాత్రం గెస్ట్‌హౌస్ మెట్ల దగ్గరే మొదలవుతుంది.

ఆ గెస్ట్‌హౌస్ యజమానురాలే నాకు ఒక స్థానిక రన్నర్‌ను పరిచయం చేసింది. ఇరవై ఆరేళ్ల యువకుడు. హాఫ్ మారథాన్‌ను, అంటే 21 కిలోమీటర్ల పరుగును, 63 నిమిషాల్లో ముగిస్తాడు. ఆ టైముకు మన దగ్గరైతే పేపర్లో ఫోటో పడుతుంది. ఇటెన్‌లో అతను గుంపులో ఒకడు.

భూమధ్యరేఖకు దగ్గర కావడంతో అక్కడ ఏడాది పొడవునా ఇంచుమించు ఆరున్నరకే సూర్యోదయం. ఆరింటికి, మసక చీకటిలో, కూడలి దగ్గర పదిహేను మంది దాకా చేరారు. అందరికీ టోపీలు, జాకెట్లు. ఎవరూ ‘పదండి’ అనలేదు, ఈల వేయలేదు. ఒకరు కదిలారు, మిగతావాళ్లు కదిలారు. మొదటి కిలోమీటరుకు ఏడు నిమిషాలు దాటింది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం అలవోకగా అందుకునేవాళ్లు నా పక్కన కబుర్లు చెప్పుకుంటూ వస్తున్నారు. ఈ నెమ్మది నాకోసమేమో అనుకుని మొహమాటపడ్డాను. “మీకోసం కాదు, నిన్న ట్రాక్ మీద బాగా కష్టపడ్డాం” అన్నాడు ఆ యువకుడు. మూడో కిలోమీటరు దాటాక ఎవరూ ఏమీ అనకుండానే వేగం పెరిగింది. మరికాసేపటికి నాకు వాళ్ల వీపులు, ఆ తర్వాత ఎర్ర దుమ్ము మాత్రమే కనిపించాయి.

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తే మాకు నెమ్మదిగా వెళ్లడమంటే నామోషీ. తేలిక పరుగును కూడా పక్కవాడి వాచీతో పోటీగా మార్చేస్తాం. తీరా కష్టపడాల్సిన రోజు వచ్చేసరికి కాళ్లలో ఏమీ మిగలదు. తప్పు తెలియక కాదు, పుస్తకాల్లో అందరం చదివిందే. నెమ్మదిగా పరుగెత్తడానికి సిగ్గుపడని ఊరు ఎలా ఉంటుందో మాత్రం ఇక్కడే చూశాను.

పరుగయ్యాక వాళ్లు చేసేది చూడటానికి ఏమీ ఉండదు. పాలు, చక్కెర దండిగా వేసిన టీ. స్నానం. నిద్ర. మధ్యాహ్నం భోజనంలో ఉగాలి, ఆకుకూర, బీన్స్. ఉగాలి మొక్కజొన్న పిండితో చేసిన సంగటి అనుకోండి. వేళ్లతో ముద్ద చేసి, మధ్యలో నొక్కి, ఆ గుంటలోకి కూర తీసుకుంటారు. నేను అదే పని చేస్తుంటే పక్క బల్లవాళ్లు ఆశ్చర్యపోయారు. రాయలసీమ బంధువులున్నవాడికి ఇది నేర్పక్కర్లేదు! తిన్నాక మళ్లీ నడుం వాల్చడం, సాయంత్రం మరో నలభై నిమిషాల మెల్లటి పరుగు, తొమ్మిదికల్లా నిద్ర. ఇటెన్ కథనాల్లో ఎగుడుదిగుడు రోడ్లు, చిరిగిన బూట్లు కనిపిస్తాయి కానీ ఈ పడక కనిపించదు. ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల హోంవర్కు ముగించుకుని అయిదున్నర గంటలు నిద్రపోయి, వీళ్ల షెడ్యూలును తెచ్చుకుని పాటిస్తే మోకాలు ముందు మొరాయిస్తుంది.

గురువారం ఫార్ట్‌లెక్, అంటే వేగం మార్చుకుంటూ చేసే పరుగు. ఉదయం తొమ్మిదికి మట్టి రోడ్డు మీద రెండు వందల మంది ఉంటారేమో. ఒక నిమిషం శక్తికొద్దీ, ఒక నిమిషం నెమ్మదిగా, అలా పాతికసార్లు. బయలుదేరిన క్షణాన నేల అదరడం చెప్పుల్లోంచి తెలిసింది. గుంపులో కొందరి ఒంటి మీద పెద్ద కంపెనీల జెర్సీలు, పక్కనే అట్ట ఊడిన బూట్లు వేసుకున్న కుర్రవాడు. ఎవరు ఎవరితో పరుగెత్తాలో చెప్పేవాళ్లు లేరు. ఒలింపియన్ వెనకాల పది నిమిషాలు తట్టుకోగలిగితే తట్టుకోవచ్చు. ప్రవేశ రుసుము ఊపిరితిత్తులే.

గెస్ట్‌హౌస్‌లో పరిచయమైన యువకుణ్ని అడగాలని దాచుకున్న ప్రశ్న ఆ మధ్యాహ్నం అడిగాను. వాన పడుతున్నా, మనసు బాగాలేకపోయినా లేచి పరుగెత్తడానికి ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది? అతనికి ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి విడమర్చి చెప్పాక కాసేపు ఆలోచించి, “మీరు ఆఫీసుకు ఎలా వెళతారు?” అన్నాడు.

అన్నయ్య పక్కనుంచి ఫక్కున నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే అతను హాస్యమాడలేదు. బోస్టన్ మారథాన్ గెలిస్తే లక్షన్నర డాలర్లు. అంత దూరం అక్కర్లేదు, యూరప్‌లో ఒక చిన్న రోడ్డు రేసులో నిలబడితే ఒక ఆవుల మంద, కొంచెం పొలం. ఎల్డొరెట్‌లో ఫలానా మేడ ఫలానా రన్నర్‌దని వేలెత్తి చూపిస్తారు. అలాంటి రేసులకు పిలుపు రాకపోతే ఏం చేస్తావంటే, నాన్నకు బంగాళాదుంపల చేను ఉందన్నాడు, అంతే మామూలుగా. మనం గోడకు అంటించుకునే ప్రేరణ వాక్యాలు జీతం వేరేచోట నుంచి వచ్చేవాళ్ల విలాసమని నాకు అప్పుడు అనిపించింది. అందులో తప్పేమీ లేదు. సరదాగా పరుగెత్తేవాడికి సరదా చాలు. ఆ సరదాను తపస్సుగా చెప్పుకోవడమే ఎబ్బెట్టు.

సెయింట్ ప్యాట్రిక్స్ హైస్కూలుకు వెళ్లాం. 1976లో ఐర్లాండ్ నుంచి భూగోళం పాఠాలు చెప్పడానికి వచ్చిన బ్రదర్ కోల్మ్ ఓకానెల్ అథ్లెటిక్స్ శిక్షణ పొందినవారు కాదు. పిల్లలను చూస్తూ చూస్తూ కోచ్ అయ్యారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల స్వర్ణం గెలిచిన పీటర్ రోనో ఆ బడి విద్యార్థే. 2012 లండన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో పరుగెత్తిన డేవిడ్ రుదీషా కోల్మ్ శిష్యుడు. బడి ఆవరణలో విజేతల పేరిట నాటిన చెట్లున్నాయి.

ఊరు చెప్పుకోవడానికి ఇష్టపడని పేర్లూ ఉన్నాయి. డోపింగ్‌లో దొరికి నిషేధానికి గురైన కెన్యా రన్నర్లు వందకు పైగా ఉన్నారు. ఒక్క గెలుపుతో కుటుంబమంతా గట్టెక్కే చోట ఆ ఆశ ఎంత బలమైనదో ఊహించవచ్చు. 2021 అక్టోబరులో ఆగ్నెస్ టిరోప్ అనే రన్నర్ ఈ ఊళ్లోనే, తన ఇంట్లో హత్యకు గురైంది. అంతకు నెల ముందే మహిళలు మాత్రమే పాల్గొన్న 10 కిలోమీటర్ల రేసులో 30 నిమిషాల 1 సెకనుతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ హత్య తర్వాత, అమ్మాయిల సంపాదన మీద భర్తలు, కోచ్‌లు పెత్తనం చేయడం గురించి అక్కడి మహిళా రన్నర్లు ఇప్పుడు బాహాటంగా మాట్లాడుతున్నారు. ఆగ్నెస్ పేరిట టిరోప్స్ ఏంజెల్స్ అనే సంస్థ పనిచేస్తోంది. ఇటెన్ గురించి రాస్తూ ఈ సంగతి వదిలేస్తే అబద్ధం రాసినట్టే.

బయలుదేరే రోజు ఆ హాఫ్ మారథాన్ యువకుడు వీడ్కోలు చెప్పడానికి వచ్చి నా కాళ్లవైపు చూసి, “సైజు ఎంత?” అని సూటిగా అడిగాడు. ఇక్కడికి వచ్చేవాళ్లు బూట్లు వదిలి వెళ్లడం మామూలే. ఎనిమిది అన్నాను. అతనిది తొమ్మిదిన్నర. వెనక్కి తిరిగి ఎవరినో కేకేశాడు. ఫార్ట్‌లెక్‌లో చూసిన, అట్ట ఊడిన బూట్ల కుర్రవాడే పరుగున వచ్చాడు. తొడుక్కుని, రెండు గెంతులు గెంతి, బొటనవేలి దగ్గర నొక్కి చూసుకుని తలూపాడు. నేను రబ్బరు చెప్పులతో మతాతు ఎక్కాను. నైరోబీ చేరేదాకా అన్నయ్య నా కాళ్లను చూసి నవ్వుతూనే ఉన్నాడు.