వాడు తలెత్తాడు

ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టేసి, నా మొహం చూడకుండా అడిగాడు నా ఫ్రెండ్, "ఆపేద్దాం ఆపేద్దాం అనుకుంటూనే రాత్రి మూడింటి దాకా అవే పోర్న్ వీడియోలురా, ఇది అడిక్షనేనా?"

నాకు తెలిసింది చెప్పా. అమెరికా సైకియాట్రిస్టులు 2013లో తెచ్చిన మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎం-5లో పోర్న్ అడిక్షన్ అనే జబ్బే లేదు, 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్, అంటే లైంగిక ప్రవర్తనని అదుపు చేసుకోలేకపోవడం, అని ఉంది, అదీ అడిక్షన్ల కింద కాదు, ఇంపల్స్ కంట్రోల్, అంటే కోరికని ఆపుకోలేని జబ్బుల కింద పెట్టారు. పైగా తప్పు చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే జబ్బు అనడానికి అది చాలదని కూడా అందులోనే రాశారు.

అప్పుడు తలెత్తాడు. "మరి ఆపలేకపోతున్నా కదరా" అన్నాడు మెల్లగా.

ఏ పేరు పెట్టాలో డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారు, తేలాల్సిందే, కాదనను. కానీ వాడి కళ్ళ కింద ఆ నలుపు నేను చూశా. రేపు కౌన్సెలర్ దగ్గరికి వాడితో నేనూ వెళ్తున్నా.