55వ సర్గ దగ్గర కాసేపు

సప్తసర్గి పద్ధతిలో రోజుకు 7 సర్గలు (అధ్యాయాలు) చదువుకుంటూ పోతే, 68 సర్గల సుందరకాండ 68 రోజుల్లో 7 ఆవృత్తులు, అంటే ఏడుసార్లు, పూర్తవుతుంది. మొదటి ఆవృత్తిలో ఎనిమిదో రోజు వాటా 50 నుంచి 56. ఇవాళ్టి పారాయణ అదే. కోపం సంగతి తేల్చుకోవాలనుకునేవాళ్ళు కాస్త తీరిక చేసుకుని కూర్చోవాల్సిన రోజు.

52లో దూతగా వచ్చిన హనుమను చంపమని రావణుడు మండిపడతాడు, విభీషణుడు అడ్డం పడతాడు. 53లో తోకకు నిప్పు, 54లో లంకాదహనం. ఆ ఊపులో 55ను గబగబా దాటేస్తాం. సామూహిక పారాయణల్లో మరీను.

అక్కడ హనుమ కాలుతున్న ఊరిని చూస్తాడు. సీతమ్మ కూడా అందులోనే ఉందన్న సంగతి అప్పుడు తడుతుంది. తోక కాల్చింది వాళ్ళే కదా అని సమర్థించుకోడు. కోపమొచ్చినవాడికి అనకూడని మాట, చేయకూడని పని అంటూ ఉండవంటాడు. పాము కుబుసం విడిచినట్టు, పుట్టిన కోపాన్ని ఓర్పుతో విడిచేవాడే మనిషంటాడు. ‘ధిగస్తు రాజసం భావం’ అని తన రజోగుణాన్నే, అంటే ఆవేశంతో పరుగెత్తించే స్వభావాన్నే, తిట్టుకుంటాడు. గీత మూడో అధ్యాయం కామక్రోధాలకు చెప్పిన పుట్టిల్లు కూడా రజోగుణమే.

చదువుతుంటే సరిగ్గా ఇక్కడే మనకు గిట్టనివాళ్ళు గుర్తొస్తారు. ‘ఈ శ్లోకం ఫలానావాడికి వినిపించాలి’ అనిపించిందంటే పారాయణ దారి తప్పినట్టే. వేలు ఆ పంక్తి మీదే ఉంచి, శ్లోకం మొదటికి వెళ్ళి, తాత్పర్యం పైకి చదవాలి. హనుమ తిట్టుకున్నది తనను కాబట్టి మనమూ ‘నేను’ అనుకునే చదవాలి. కోపాన్ని నొక్కిపెట్టి శ్లోకాలు లెక్కపెట్టుకుంటే మాత్రం అది పుస్తకం మూసేదాకా ఆగి, వంటింట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది.

సర్గ రెండో సగం నాకు ఇంకా విలువైనదనిపిస్తుంది. పశ్చాత్తాపం కూడా అదుపు తప్పుతుంది: నిప్పులో దూకనా, సముద్రంలో ఉంటుందనే బడబాగ్నిలో పడనా అనేదాకా వెళ్తాడు. తర్వాత నిలదొక్కుకుని ఆలోచిస్తాడు. నిప్పును నిప్పు కాల్చదు. నా తోకనే కాల్చని అగ్ని ఆ తల్లిని ముట్టుకుంటుందా? ఆమె క్షేమమని, ఆకాశంలో తిరిగే దేవగణమైన చారణుల మాటలూ చెవినపడతాయి. అయినా అంతటితో ఊరుకోకుండా, కళ్ళారా చూశాకే బయల్దేరాలనుకుంటాడు. 56లో వెళ్ళి చూస్తాడు కూడా.

కక్ష పెట్టుకున్నప్పుడు మనం చేయనిది ఇలా సరిచూసుకోవడమే. ‘కావాలనే అన్నారు’ అన్నదాని మీదే ఏళ్ళు గడిపేస్తాం. అందుకే 55 అయ్యాక, 56 మొదలుపెట్టకముందు ఓ ఐదు నిమిషాలు ఆగడం మంచిది. జరిగినదాన్ని విశేషణాలు లేకుండా ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టాలి. అందులో చూసిందెంత, విన్నదెంత, ఊహించుకున్నదెంత? ఊహ దగ్గర గీత గీసి, ఆ మనిషినే అడగొచ్చేమో చూడాలి. అడిగే వీల్లేకపోతే ఆ ముక్క తెలియదని రాసి వదిలేయాలి. నిజంగా అన్యాయం జరిగిందనే తేలితే, దానికి చేయాల్సిన పని వేరే ఉంటుంది. పారాయణ దానికి బదులు కాదు.

రేపటి వాటా 57 నుంచి 63. అందులో 58 చాలా పెద్దది, హనుమ జరిగిందంతా మళ్ళీ మొదట్నించీ చెప్తాడు. దీపం కాస్త పెందలాడే పెట్టాలి.