పాత టొయోటా పికప్‌లో లాకింగ్ హబ్‌లు: లోపం ఎక్కడుందో కనిపెట్టే తీరు

డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ దీపం వెలిగినంత మాత్రాన నాలుగు చక్రాలూ బండిని లాగుతున్నాయని పాత బండ్ల విషయంలో నమ్మకూడదు. నా దగ్గర ఉన్నది 1985 నాటి టొయోటా పికప్. ముందువైపు సాలిడ్ యాక్సిల్‌తో (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసుతో) ఈ పికప్‌ను అమెరికాలో అమ్మిన చివరి సంవత్సరం అదే. ఇందులో ఆ దీపాన్ని వెలిగించే స్విచ్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) మీద ఉంటుంది కాబట్టి, లివర్ హెచ్4లో (నాలుగు చక్రాలూ లాగే స్థానంలో) పడగానే దీపం వెలుగుతుంది; చక్రాన్ని ఇరుసుతో కలిపే, విడదీసే లాకింగ్ హబ్ చక్రం దగ్గర పట్టుకుందో లేదో దానికి తెలిసే మార్గమే లేదు. కొలరాడోలో మంచు పడిన ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఈ సంగతి తెలుసుకోవడం కంటే, ఇంటి ముందు తీరిగ్గా పరీక్షించుకోవడం మేలు.

హబ్ లోపలి ఏర్పాటు నిజానికి సరళమైనది. చక్రం హబ్‌తో కలిసి బేరింగుల మీద తిరుగుతుంది. ఇరుసు కడ్డీ స్పిండిల్ (బేరింగులను మోసే బోలు గొట్టం) మధ్యలో నుంచి వచ్చి, పళ్లున్న తన చివరను హబ్ లోపలికి చాపుతుంది. ఈ రెండింటినీ కలిపేది పక్కకు జరిగే ఒక పళ్ల కంకణం. హబ్ బయటివైపున చేతితో తిప్పే డయల్‌ను ఫ్రీ నుంచి లాక్‌కు తిప్పినప్పుడు స్ప్రింగు ఆ కంకణాన్ని నెడుతుంది. పళ్లు ఎదురెదురుగా ఉంటే అది వెంటనే కూర్చుంటుంది, లేకపోతే చక్రం కాస్త కదిలిన తరువాత కూర్చుంటుంది. అందువల్ల డయల్ తిప్పిన వెంటనే పట్టు దొరకకపోతే కంగారుపడకుండా, బండిని కొన్ని అడుగులు ముందుకో వెనక్కో జరిపి చూడాలి.

రెండు హబ్‌లలో ఒకటి పట్టకపోయినా సగం బలమైనా ముందు ఇరుసుకు అందుతుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ముందున్నది మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) కాబట్టి, అడ్డు లేని వైపుకే తిరుగుడు అంతా పోతుంది. పట్టని హబ్ లోపల ఇరుసు కడ్డీ ఒంటరిగా గిరగిరా తిరుగుతుంది, బాగా పట్టిన రెండో చక్రం నేల మీద కదలకుండా ఉండిపోతుంది. ఒక్క హబ్ పాడైతే ముందు ఇరుసు మొత్తం లేనట్టే లెక్క.

పరీక్షించడానికి సమతలమైన చోట బండిని నిలిపి, వెనుక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, ముందు చక్రాలు రెండింటినీ జాకీతో లేపి స్టాండ్ల మీద ఉంచాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని పని చేయరాదు. ఇంజన్ ఆపి, లివర్‌ను హెచ్4లో వేసి, రెండు డయల్‌లనూ లాక్‌కు తిప్పాలి. ఇప్పుడు ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు ఇరుసుకు వచ్చే కడ్డీ) తిరగడానికి వీలుండదు కాబట్టి, ఎడమ చక్రాన్ని చేతితో తిప్పితే కుడి చక్రం దానికి వ్యతిరేక దిశలో తిరగాలి. ఎడమ చక్రం గేర్ల బరువు తెలుస్తూ తిరుగుతున్నా కుడి చక్రం కదలకపోతే లోపం కుడి హబ్ వైపున ఉన్నట్టు. ఎడమ చక్రమే ఏ బరువూ లేకుండా తేలికగా తిరిగిపోతే లోపం ఎడమ వైపున ఉన్నట్టు. తరువాత డయల్‌లను ఫ్రీకి తిప్పి చూడాలి. అప్పుడు ఏ చక్రానికి ఆ చక్రం తేలికగా, రెండోదాన్ని కదిలించకుండా తిరగాలి.

ఇంతటితో హబ్‌దే తప్పని తేల్చకూడదు, ఎందుకంటే ఇరుసులోని బర్ఫీల్డ్ జాయింటు (చక్రం పక్కకు తిరిగినా బలాన్ని అందించే కీలు) విరిగినా చక్రం ఇలాగే ప్రవర్తిస్తుంది. అనుమానమున్న వైపు డయల్ కవరును విప్పి, బాగున్న హబ్‌ను లాక్‌లోనే ఉంచి, ఆ బాగున్న వైపు చక్రాన్ని మరొకరిచేత తిప్పించాలి. తెరిచిన హబ్‌లో ఇరుసు చివర తిరుగుతూ కనిపిస్తే ఇరుసు బాగున్నట్టు, లోపం హబ్‌దే. కదలకపోతే పని పెద్దది.

హబ్‌దే లోపమని తేలినప్పుడు ఎక్కువగా కనిపించే కారణం అరుగుదల కాదు, గ్రీజు. ఏళ్ల తరబడి మార్చని గ్రీజు గట్టిపడి, లోపలికి చేరిన నీటితో, బురదతో కలిసి కంకణాన్ని జరగనివ్వదు. హబ్ నిండా కొత్త గ్రీజు కూరడం కూడా మంచిది కాదు. చలికి అది చిక్కబడి స్ప్రింగు బలాన్ని మింగేస్తుంది. బేరింగులకు పెట్టినంత ధారాళంగా ఇక్కడ పెట్టకూడదు, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పళ్ల మీద పలుచని పూత చాలు. డయల్ బిగుసుకుపోతే కొందరు పటకారు వేసి తిప్పుతారు. అది డయల్‌ను విరగ్గొట్టే పని. కానీ ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఎండిన తారు రోడ్డు మీద నడిపిన తరువాత డయల్ ఫ్రీకి రాకపోవడం లోపం కాదు. లివర్‌ను హెచ్2కు (వెనుక చక్రాలు మాత్రమే లాగే స్థానానికి) మార్చి కాస్త వెనక్కి నడిపితే, ఇరుసులో చిక్కుకున్న బిగువు సడలి డయల్ చేతికి వస్తుంది.

హబ్ బాడీని విప్పేటప్పుడు ముందు ఇరుసు చివరన ఉన్న సర్‌క్లిప్ (స్ప్రింగులాంటి ఉంగరం) తీయాలి. నట్లు తీసిన తరువాత కూడా స్టడ్‌ల (నట్లు ఎక్కే మర కడ్డీల) చుట్టూ ఉన్న శంఖాకారపు కోన్ వాషర్లు బాడీని పట్టి ఉంచుతాయి. స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా, ఇత్తడి కడ్డీని ఆనించి సుత్తితో తడితే అవి వదులై వాటంతట అవే బయటికి వస్తాయి. తిరిగి బిగించేటప్పుడు డయల్‌ను ఫ్రీలో ఉంచి, కవరు వెనుక ఉన్న కొక్కేలు బాడీలో పళ్లు లేని ఖాళీలకు ఎదురుగా ఉండేలా చూసుకుని కవరును కూర్చోబెట్టాలి. అది సరిగా కూర్చోకుండానే బోల్టులు బిగించి లోపలికి లాగాలని చూస్తే కొక్కేలు విరుగుతాయి. గ్యాస్కెట్ ఎప్పుడూ కొత్తదే వేయాలి, ఎందుకంటే నీరు మళ్లీ దూరేది అక్కడినుంచే.

బాడీ నట్లకు బిగువు 31 న్యూటన్ మీటర్లు, కవరు బోల్టులకు సుమారు 10. ఈ బండ్లలో నట్లు వదులైతే భారమంతా స్టడ్‌ల మీద పడి అవి తెగిపోవడం తరచుగా జరిగేదే. కాబట్టి పని ముగించి కొంత దూరం నడిపిన తరువాత, టార్క్ రెంచితో ప్రతి నట్టునూ మరొకసారి సరిచూసుకోవాలి.