శ్రీశైలం దాకా ఒక లెక్కల పుస్తకం

మోకాలి ఆపరేషన్ అయిన మర్నాడు ఆసుపత్రి మంచం మీద మా అమ్మ మొక్కుకున్న మొక్కు ఒక్కటే: మళ్లీ తన కాళ్ల మీద తాను నడవగలిగితే శ్రీశైలం వెళ్లి మల్లన్నను దర్శించుకుంటానని. ఏడాది తిరిగేసరికి బెంగళూరు కృష్ణరాజపురంలో మేముండే ఇంటి రెండంతస్తుల మెట్లను ఆమె కడ్డీ పట్టుకోకుండా దిగసాగింది. మొక్కు తీర్చుకునే వేళ వచ్చింది కానీ, ఆ ఏడాదిలోనే మేము పాత డీజిల్ కారు అమ్మి ఎలక్ట్రిక్ కారు కొన్నాము. రాత్రంతా బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆమెకు పనికిరాదని, కారులో వెళ్లినా మూడు నాలుగు గంటలకొకసారి దిగి కాసేపు నడవాలని డాక్టరు చెప్పాడు. బంధువులు బాడుగ కారు మాట్లాడుకోమన్నారు. నల్లమలలో చార్జింగ్ అయిపోతే పులులు వచ్చి తోస్తాయా అని మా బావ ఎగతాళి చేశాడు. ఆ మాట పట్టుదలకు కారణమైందో, లేక లెక్కలు రాసే ఉద్యోగంలో ఇరవై ఏళ్లుగా ఉన్న అలవాటో చెప్పలేను గానీ, ఒక రూళ్ల పుస్తకం కొని, ఈ ప్రయాణం మన కారులో సాధ్యమా కాదా అన్నది అందులో తేల్చుకోవాలని కూర్చున్నాను.

మా బ్యాటరీలో పట్టేది 40 యూనిట్లు; ఇంటి మీటరులో తిరిగే యూనిట్టే ఇదీ. గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపితే ఒక యూనిట్టుకు ఏడు కిలోమీటర్లు వస్తుందని, వంద దాటించామంటే అది అయిదుకు పడిపోతుందని అప్పటికే అనుభవంలో తెలిసింది. వేగం రెట్టింపయితే కారుకు అడ్డుపడే గాలి బలం నాలుగు రెట్లవుతుంది కాబట్టి, ఎలక్ట్రిక్ కారులో తొందర ఎప్పుడూ ఖరీదైన వ్యవహారమే. మేము ఎంచుకున్న దారి హైదరాబాదు జాతీయ రహదారి మీద అనంతపురం, గుత్తి మీదుగా కర్నూలు చేరి, అక్కడ తూర్పుకు తిరిగి నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం. మొత్తం సుమారు 540 కిలోమీటర్లు. కర్నూలు దాకా ఫాస్ట్ చార్జర్లకు కొదవ లేదు. కర్నూలు తర్వాత మిగిలే 180 కిలోమీటర్లకు మాత్రం నేను ఏ యంత్రాన్నీ నమ్ముకోదలచుకోలేదు. దానికి తోడు, వన్యప్రాణుల కోసం దోర్నాల అటవీ చెక్‌పోస్టును రాత్రి తొమ్మిదికి మూసి మళ్లీ ఉదయం ఆరుకు గానీ తెరవరు. అంటే కర్నూలులో వంద శాతం నింపుకోవాలి, తొమ్మిదిలోగా గేటు దాటాలి, పైన సత్రంలో రాత్రికి ఒక 15 ఆంపియర్ల ప్లగ్గు దొరకాలి. పుస్తకం మొదటి పేజీలో ఈ మూడు షరతులే రాసుకున్నాను.

ఉగాదికి పది రోజుల ముందు, తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ, పిన్ని, నేను బయలుదేరాము. పిల్లల పరీక్షల వల్ల నా భార్య రాలేకపోయింది. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం చీకట్లోనే గడిచిపోయాయి. బాగేపల్లి దాటి ఆంధ్ర సరిహద్దులో అడుగుపెట్టేసరికి తూర్పు ఎర్రబడింది, పెనుకొండ కొండ మీద వెలుగు పడింది. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైన ఉంటే అనంతపురం మూడువందల యాభై మీటర్ల లోపే ఉంది. కంటికి చదునుగా కనిపించే ఆ రహదారి నిజానికి ఒక పొడవైన దిగుడు. ఆ దిగుడు పుణ్యమా అని 210 కిలోమీటర్లకు 72 శాతమే ఖర్చయి, ఎనిమిదింబావుకు అనంతపురం శివారులో 28 శాతంతో ఆగాము. అక్కడి యంత్రం 60 కిలోవాట్లది గానీ, రెండో చార్జింగ్ గన్ను పక్క కారుకు తగిలించి ఉండడంతో మాకు అందులో సగమే అందింది. గంటసేపు పట్టింది. ఆ గంటలో అమ్మ ఆవరణ చుట్టూ ఆరు ప్రదక్షిణలు చేసింది, పిన్ని ఎదురుగా ఉన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకొచ్చింది. డీజిల్ కారులో అయితే నేను తప్పకుండా గుత్తి దాకా ఆగకుండా లాగి ఉండేవాణ్ణి. డాక్టరు మాటను కారే పాటింపజేసింది. 85 శాతం దగ్గర గన్ను తీసేశాను, ఎందుకంటే 80 దాటాక బ్యాటరీ తనను తాను కాపాడుకోవడానికి కరెంటును మెల్లమెల్లగా తీసుకుంటుంది, ఆ చివరి పదిహేను శాతం కోసం ఇంకో అరగంట కూర్చోవడం దండుగ.

కర్నూలులో మాత్రం ఆ చివరి పదిహేను శాతమూ కావలసిందే, చిక్కు వచ్చిందీ అక్కడే. పన్నెండున్నరకు చేరిన మొదటి కేంద్రంలో యంత్రం తెర నల్లగా ఉంది. ఫోనులో అది పనిచేస్తున్నట్టే చూపిస్తోంది. పక్క దుకాణం కుర్రవాడు, "నిన్న సాయంత్రం నుంచి అంతే సార్, వచ్చినోళ్లంతా మిమ్మల్లాగే తిట్టుకుంటా పోతాండారు" అన్నాడు. నేను తిట్టలేదు గానీ, పుస్తకంలో గట్టిగానే రాసుకున్నాను. రెండో కేంద్రంలో మా ముందు రెండు కార్లున్నాయి. వంతు వచ్చేసరికి రెండున్నర, వంద శాతం నిండేసరికి నాలుగుంబావు అయింది. అడవి గురించి ఎగతాళి చేసిన బావకు తెలియనిదేమిటంటే, ఈ ప్రయాణంలో మమ్మల్ని భయపెట్టింది అడవి కాదు, నడిపట్టణంలో నిలువెత్తున నిలబడి పనిచేయని ఒక పెట్టె. యంత్రం పెట్టడానికి ప్రారంభోత్సవం చేస్తారు, దాన్ని బాగుచేసే మనిషిని పెట్టడం మరచిపోతారు.

ఆత్మకూరు దగ్గరపడేకొద్దీ దారి పొడుగునా పాదయాత్రికులు ఎదురయ్యారు. ఉగాదికి మల్లన్న సన్నిధికి చేరాలని ఉత్తర కర్ణాటక జిల్లాల నుంచి నడిచివచ్చే భక్తులు వీరు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లికార్జునుణ్ణి అల్లుడిగా భావించి, అమ్మవారికి చీర, పసుపు, కుంకుమ పుట్టింటి సారెగా తెస్తారు. నల్లమల చెంచులు కూడా ఆయన్ను చెంచు మల్లయ్య అని తమ అల్లుడిగానే చెప్పుకుంటారు. ఇన్ని అత్తవారిళ్లున్న దేవుడు మరొకడు ఉన్నాడో లేదో. వీరిలో చాలామంది ఆత్మకూరు దాటాక తారు రోడ్డు వదిలి వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం మెట్లెక్కి శిఖరం చేరతారు.

ఇక్కడే మా కారు లోపం ఒకటి బయటపడింది. మసక చీకట్లో నలుగురైదుగురు వరుసగా, రోడ్డు అంచున, తలల మీద మూటలతో నడుస్తున్నారు. మేము దాదాపు వారి వెనకకు వచ్చేదాకా ఎవరికీ వినబడలేదు. చివరన ఉన్న ముసలాయన ఉలిక్కిపడి పక్కకు దూకాడు, చేతిలోని కర్ర కింద పడింది. నేను ఆపి, దిగి, కన్నడంలో క్షమించమని అడిగాను. ఆయన కోప్పడలేదు, "మీ బండి పిల్లిలా వచ్చింది, నడిచేవాళ్లం మేము చెవులతోనే చూస్తాము" అన్నాడు. చప్పుడు లేకపోవడాన్ని ఈ కారు గొప్పగా అంతదాకా అందరికీ చెప్పుకున్నవాణ్ణి నేనే. అక్కడి నుంచి జనం కనబడిన ప్రతిచోటా దూరం నుంచే లైట్లు తగ్గించి పెంచుతూ, అద్దాలు దించి, ముప్పై కిలోమీటర్ల వేగంతో నడిపాను. అమ్మ కిటికీలోంచి "మల్లయ్యా" అని పలకరిస్తూ ఉంటే వారు తిరిగి పలికేవారు. హారను కంటే అదే బాగా పనిచేసింది. దాని వల్ల గంటకు పైగా ఆలస్యమైనా, దోర్నాల గేటును ఎనిమిది దాటకముందే చేరాము.

దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఎక్కుడులో శాతాలు కళ్లముందే కరిగిపోవడం చూసి పిన్ని "శివ శివా" అనడం మొదలుపెట్టింది. ఆమెకు లెక్క చెప్పాను: మనుషులతో కలిపి పద్దెనిమిది వందల కిలోల కారును ఆరువందల మీటర్లు పైకెత్తడానికి సుమారు మూడు యూనిట్లు కావాలి, అంటే బ్యాటరీలో ఏడెనిమిది శాతం, అంతకు మించి కొండ మన దగ్గర తీసుకోలేదు. పిన్ని లెక్క వినలేదు, శివనామం ఆపలేదు. తొమ్మిదిన్నరకు సత్రం ముందు ఆగేసరికి 27 శాతం ఉంది.

సత్రం మేనేజరుకు ప్లగ్గు సంగతి ముందే ఫోనులో చెప్పి ఉన్నా, ఎదురుగా తీగ చూసేసరికి ఆయన జంకాడు. రాత్రంతా పెడితే మీటరు తిరిగిపోతుందని, ట్రస్టువాళ్లకు జవాబు చెప్పాలని ఆయన బాధ. అన్నదానం చేసే చోట ఉచితంగా కరెంటు వాడుకోవాలని మాకూ లేదు. పుస్తకం తీసి చూపించాను: గంటకు మూడు యూనిట్లు, పదిన్నర గంటలు, ముప్పై యూనిట్లకు కాస్త పైన, యూనిట్టుకు పది రూపాయలు వేసుకున్నా మూడువందల ఇరవై. నాలుగువందలకు రసీదు రాయించుకున్నాక, నీటి మోటారు పక్కనున్న 15 ఆంపియర్ల సాకెట్టు ఆయనే తెరిచి ఇచ్చాడు. తీగ వేడెక్కుతోందేమోనని రాత్రి రెండుసార్లు లేచి తాకి చూశాను. రెండోసారి మేనేజరు కూడా టార్చి పట్టుకుని అక్కడే ఉన్నాడు.

మర్నాడు దర్శనం. రద్దీ వల్ల ఆ ఉదయం స్పర్శ దర్శనం లేదు. లింగానికి తల ఆనించాలని వచ్చిన అమ్మ దూరం నుంచే చేతులెత్తింది, కాని క్యూలో రెండు గంటలు నిలబడగలిగానన్న సంతోషం ఆమెలో ఆ లోటును చాలావరకు కప్పేసింది. ప్రాకారం గోడ పొడుగునా చెక్కిన ఏనుగులను, వేటలను, శివకథలను చూస్తూ నెమ్మదిగా తిరిగింది. భ్రమరాంబ గుడి వెనక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెద ఝంకారం వినబడుతుందంటారు. పిన్ని చాలాసేపు చెవి ఆనించి, "మీ కారు కొండెక్కేటప్పుడు ఇట్లాగే అంటుంది" అని తేల్చింది. పాతాళగంగకు మెట్లు వద్దని రోప్‌వేలో దిగాము. కింద కృష్ణ పచ్చగా, నిశ్చలంగా ఉంది. ఇక్కడి ఆనకట్ట కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రం ఒక్కటే 770 మెగావాట్లదని చెబితే, అమ్మ నీళ్లు తల మీద చల్లుకుంటూ, "అయితే రాత్రి నీ బండి తాగిందీ గంగమ్మనే కదరా" అంది. గ్రిడ్డులో ఏ కరెంటు ఎక్కడిదో విడదీసి చెప్పలేమని వివరించబోయి మానుకున్నాను. సాయంత్రం వాహన పూజకు వచ్చిన అయ్యవారు అలవాటు ప్రకారం బానెట్ ఎత్తించి, లోపల చూసి, "ఇంజను ఏది నాయనా" అని కాసేపు ఆగి, తర్వాత చార్జింగ్ మూత మీద పెద్ద కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ బొట్టు ఎక్కడ పెట్టాలో అంత సరిగా నేనైనా చెప్పి ఉండలేను.

మూడో రోజు ఉదయం ఆరింటికి తిరుగు ప్రయాణం. రాత్రి చీకట్లో దాటిపోయిన సాక్షి గణపతి దగ్గర మొదట ఆగాము. చేతిలో కలం, పుస్తకం పట్టుకుని, ఎవరెవరు వచ్చారో రాసుకుని, వచ్చినట్టు కైలాసంలో సాక్ష్యం చెబుతాడని నమ్మే ఈ స్వామి ముందు అమ్మ గోత్రమూ మా అందరి పేర్లూ, రాలేకపోయిన నా భార్య పేరు కూడా, తొందరపడకుండా చెప్పింది. తరువాత శిఖరేశ్వరంలో నువ్వులు చల్లి, నంది కొమ్ముల మధ్య నుంచి ఆలయ శిఖరం కోసం ఇద్దరూ వెతికారు. పిన్నికి కనబడింది. అమ్మకు కనబడిందో లేదో ఆమె చెప్పలేదు.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టవలసిన అవసరమే రాలేదు. యాక్సిలరేటరు వదిలితే మోటారే జనరేటరుగా మారి కారును పట్టి ఉంచుతూ, బ్యాటరీకి కరెంటు తిరిగి ఇచ్చింది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఈ పట్టు బలహీనంగా ఉంటుందని తెలుసు గనుక, శిఖరం దాకా ఎక్కడంలో కొంత ఖర్చు కావడం మంచిదే అయింది. అసలు దిగుడులో చాలాదూరం అంకె కదలలేదు, ఒకచోట ఒక శాతం పెరిగింది కూడా. కర్నూలులో ఈసారి నేరుగా రెండో కేంద్రానికే వెళ్లాము. అనంతపురం నుంచి బెంగళూరుకు మాత్రం వచ్చేటప్పుడు ఇచ్చిన దిగుడును రోడ్డు వడ్డీతో వసూలు చేసుకుంది: ఎక్కుడు, ఎండ, ఏసీ కలిసి అదే 210 కిలోమీటర్లకు 86 శాతం తీసుకున్నాయి. 95తో బయలుదేరి, రాత్రి ఇంటి ముందు ఆగేసరికి 9 మిగిలింది.

అనంతపురంలో ఆ 95 కోసం ఎదురుచూస్తున్నప్పుడు, పక్క కారు తాలూకు ఆయన మూత మీది కుంకుమ బొట్టు చూసి పలకరించాడు. హిందూపురం మనిషి, ముసలి తండ్రిని శ్రీశైలం తీసుకుపోవాలని ఆరు నెలలుగా అనుకుంటూ, అడవిని తలచుకుని వెనకాడుతున్నాడు. పైన ప్లగ్గు దొరుకుతుందా అని అడిగాడు. దొరుకుతుంది, ముందు ఫోను చేసి, డబ్బు కట్టి, రసీదు తీసుకోండి అని చెప్పి, కర్నూలులో ఏ యంత్రం దగ్గరికి పోకూడదో కూడా చెప్పి, పుస్తకం చేతికిచ్చాను. ఆయన పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుంటుండగా, నడక ముగించుకుని వచ్చిన అమ్మ భుజం మీదుగా తొంగిచూసి, "సాక్షి గణపతి దగ్గర ఎంతసేపు ఆగామో రాయలేదేమిరా" అంది. పుస్తకం తిరిగి తీసుకుని, మూడో రోజు వరుసలో, ఆరుంబావు నుంచి ఆరు ముప్పై అయిదు దాకా అని రాసి, ఆ పేజీని ఆయనకు మళ్లీ ఫొటో తీసుకోమని ఇచ్చాను.