సియాల్దా మీదుగా పెద్ద మ్యాచ్‌కి

ముక్కలు కోశాక ఇలిశ్ చేపని కడగకూడదు. కడగాల్సిందంతా కోయకముందే కడిగెయ్యాలి. కోసిన ముక్కకి నీళ్ళు తగిలితే వాసన పోతుంది, వాసన పోయాక అది ఇలిశ్ ఎందుకవుతుంది? ఆగస్టు 17 ఉదయం ఠాకుమా, అంటే నానమ్మ, నాకు చెప్పిన మొదటి పాఠం ఇది. ఆవిడకి 88 ఏళ్ళు. జాదవ్‌పూర్ బజారు నుంచి తెచ్చిన ముక్కల్ని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఆవిడ బెంగాలీలో చెబుతుంటే పక్కనుంచి మనవడు తెలుగులోకి మారుస్తున్నాడు.

నాది రాజోలు వైపు. ఇలిశ్ అంటే మా పులసే. సముద్రంలో ఉన్నంతకాలం వలస అంటాం, గోదారికి ఎదురీదుకుంటూ వచ్చాక పులస అవుతుంది. మా అమ్మ బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాటి దాకా ముట్టుకోనిచ్చేది కాదు. ఈ ఇంట్లో ఆవాలు, పచ్చిమిర్చి కలిపి నూరి, ఆ ముద్ద పట్టించి ఆవిరి మీద ఉడికించారు. చేప ఒకటే. కానీ మా ఊళ్ళో ఆ చేపకి జట్టు లేదు. కోల్‌కతాలో అది ఈస్ట్ బెంగాల్ అనే ఫుట్‌బాల్ జట్టు చేప. రొయ్య దాని ప్రత్యర్థి మోహన్ బగాన్‌ది. ఏ జట్టు గెలిస్తే మర్నాడు బజారులో దానికి గిరాకీ.

మనవణ్ణి నేను దాదా, అంటే అన్న, అని పిలుస్తాను. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పదేళ్ళు కలిసి పనిచేశాం. మా మధ్య ఫుట్‌బాల్ మాట రాని వారం లేదు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి, ఆట మానేశాక కూడా బెంగాల్‌లోనే ఉండిపోయాడు. హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ రెండు జట్లకీ ఆడాడు, ఇప్పటికీ అక్కడ ఆయన బడే మియానే. మనవాళ్ళు అంత ప్రాణం పెట్టి ఆడిన ఊళ్ళో ఆ రెండు జట్ల అభిమానులూ ఒకరినొకరు ఎందుకంత పడనివాళ్ళయ్యారో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే దాదా, ‘ఒక్కసారి వచ్చి బొరో మ్యాచ్ చూడు’ అనేవాడు. అంటే పెద్ద మ్యాచ్. డెర్బీ అనే మాట టీవీవాళ్ళది, ఇళ్ళల్లో అనేది అదే. 2025 డ్యూరాండ్ కప్ క్వార్టర్ ఫైనల్లో రెండూ తగిలాయని ఫోన్ రాగానే టికెట్ కొన్నాను. ఆగస్టు 14న సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి, 15 సాయంత్రం హౌరాలో దిగాను.

మర్నాడు పొద్దున్నే మైదాన్‌కి వెళ్ళాం. ఈడెన్ గార్డెన్స్ పక్కన చెట్ల మధ్య క్లబ్బుల టెంట్లు ఉంటాయి. పేరుకి టెంట్లే గాని మామూలు కట్టడాలు. మోహన్ బగాన్ మైదానం వైపు రోడ్డుకి గోష్ఠ పాల్ పేరు పెట్టారు, ఆయన విగ్రహం కూడా ఉంది. మోహన్ బగాన్ డిఫెన్స్‌లో ఆయన ఉంటే గోడ కట్టినట్టే ఉండేదట. 1962లో పద్మశ్రీ అందుకున్నాడు, ఫుట్‌బాలర్లలో ఆయనే మొదటివాడు. దాదా విగ్రహానికి దణ్ణం పెట్టుకున్నాడు. ఈస్ట్ బెంగాల్ మనిషివి, ఇదేంటి అన్నాను. ‘ఆయనది ఫరీద్‌పూర్. మావాడు’ అన్నాడు. తర్వాత తరంలో చునీ గోస్వామి కూడా అంతే, పుట్టింది తూర్పున, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కిశోర్‌గంజ్‌లో, జీవితమంతా ఆడింది మోహన్ బగాన్‌కి.

ఆగస్టు 16 ఆ ఊరి ఫుట్‌బాల్‌కి తద్దినం లాంటి రోజు. 1980లో అదే తేదీన ఈడెన్‌లో ఈ రెండు జట్ల మధ్య లీగ్ మ్యాచ్ జరిగింది. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళ మధ్య మొదలైన గొడవ గ్యాలరీకి పాకింది. తొక్కిసలాటలో 16 మంది పోయారు. ఆట చూసి రాత్రికి ఇంటికి వస్తామని చెప్పి వెళ్ళిన వాళ్ళు. ఏటా ఆ రోజున వాళ్ళ పేరు మీద రక్తదానం చేస్తారు. ఈడెన్ గోడ పక్కన నిలబడి దాదా ఈ సంగతి చెప్పాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

సాయంత్రం శ్యామ్‌బజార్‌లో వాళ్ళ మామగారింటికి తీసుకెళ్ళాడు. దాదా భార్యది ఘోటి కుటుంబం. పశ్చిమ బెంగాల్ మూలవాసుల్ని ఘోటి అంటారు, మాటకి అర్థం చెంబు. తూర్పునుంచి వచ్చినవాళ్ళు బాంగాల్. ఇలాంటి పెళ్ళిళ్ళు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి గాని మ్యాచ్ ముందు రోజు అల్లుడు గడప తొక్కడం మామగారికి నచ్చదని బౌదీ, అంటే వదిన, ముందే చెప్పింది. పెద్దాయన మర్యాదకేం లోటు చెయ్యలేదు. రొయ్యల మలాయ్ కర్రీ పెట్టించాడు, కొబ్బరిపాలలో తియ్యతియ్యగా ఉంది. పప్పులోనూ తీపి తగిలింది. ఘోటి వంటలో చక్కెర పడుతుందని బాంగాల్ వాళ్ళ ఎగతాళి.

గోడ మీద 1911 జట్టు ఫొటో ఉంది. పదకొండు మందిలో పదిమంది వట్టికాళ్ళతో ఆడారు, సుధీర్ చటర్జీ ఒక్కడికే బూట్లు. ఆ ఏడాది జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించారు. తెల్లవాడి ఆటలో, తెల్లవాడి సైన్యం మీద గెలుపు. మోహన్ బగాన్ అసలు ఉత్తర కోల్‌కతాలో ఒక తోట బంగ్లా పేరు, మామగారి ఇంటికి నడిచిపోయేంత దూరం. 1889లో అక్కడ పుట్టిన క్లబ్బు 1911 తర్వాత బెంగాల్ మొత్తానిదైంది. ‘ఆ రోజు గెలిచింది మేమూ వాళ్ళూ కాదు, అందరం’ అన్నాడాయన ఫొటో కేసి చూస్తూ. నిజమే, ఆ జట్టులో చాలామంది తూర్పు కుటుంబాల పిల్లలే. ‘మరి తొమ్మిదేళ్ళకే వేరు కుంపటి ఎందుకు పెట్టుకున్నారు?’ అని అల్లుణ్ణి అడిగాడు. ఆ గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువ వినిపించింది నాకు.

వేరు కుంపటి కథ ఇదీ. 1920 జులై 28న కూచ్ బెహార్ కప్‌లో మోహన్ బగాన్, జోడాబగాన్ ఆడాల్సి ఉంది. జోడాబగాన్ జట్టులోంచి శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి తప్పించారు. క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అతణ్ణి ఆడించమని పట్టుబట్టాడు. ఎవరూ వినలేదు. తూర్పువాడు కాబట్టే పక్కన పెట్టారని ఆయనకి గట్టిగా అనిపించింది. రాజీనామా చేసి, నాలుగు రోజుల్లో, ఆగస్టు 1న, ఈస్ట్ బెంగాల్ పేరుతో కొత్త క్లబ్బు పెట్టేశాడు. 1925 మే 28న కలకత్తా లీగ్‌లో తొలిసారి రెండూ ఎదురుపడితే నేపాల్ చక్రవర్తి గోల్‌తో కొత్త క్లబ్బే గెలిచింది.

ఇదే మూలమని అందరూ చెబుతారు. నాకు మాత్రం అది విత్తనమేనని అనిపించింది. ఒక ఆటగాణ్ణి పక్కనపెట్టినందుకు వందేళ్ళ పగ ఉండదు. అసలు వేరు ఆ రాత్రి విజయ్‌గఢ్‌లో ఠాకుమా మంచం పక్కన కూర్చున్నాక దొరికింది.

ఆవిడది బరిశాల్. 1950లో అక్కడ అల్లర్లు జరిగినప్పుడు 13 ఏళ్ళ పిల్ల. స్టీమర్‌లో ఖుల్నా, అక్కణ్ణుంచి రైల్లో సియాల్దా. చేతిలో ఏముంది అని అడిగితే ‘చెల్లెలి చెయ్యి’ అంది. సియాల్దా ప్లాట్‌ఫారం మీద ఒక చాప వెడల్పు జాగాలో నెలల తరబడి ఉన్నారు. పక్కనే వంట, పక్కనే పురుడు, పక్కనే చావు. తర్వాత ఎవరో చెబితే ఇక్కడికొచ్చారు. యుద్ధకాలంలో సైన్యం వాడి వదిలేసిన బ్యారక్‌లుండే చోటిది. చుట్టుపక్కల ఖాళీ నేలల్లోనూ శరణార్థులు రాత్రికి రాత్రి వెదురు గుంజలు పాతి గుడిసెలు లేపారు. జబర్‌దఖల్ కాలనీలని అలాంటివాటికి పేరు. భూస్వాముల మనుషులు కర్రలతో వస్తే ఆడవాళ్ళు శంఖాలు ఊది అందర్నీ లేపేవారట.

తిండి కన్నా ఎక్కువ బాధపెట్టింది బడి అంది ఠాకుమా. నోరు తెరిస్తే చాలు, ‘బాంగాల్’ అని పిల్లలు వెనక పడేవారు. ఆవిడ మాట యాస వేరు, క్రియలు వేరు. టీచర్లూ నవ్వేవారు. యాసని వెక్కిరిస్తే ఎక్కడ కాలుతుందో మన దగ్గర ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అటు మామగారి పక్షమూ అబద్ధం కాదు. లక్షలమంది ఒక్కసారిగా వచ్చిపడితే ఇళ్ళు, ఉద్యోగాలు, బళ్ళో సీట్లు అన్నిటికీ ఒత్తిడే. సొంత ఊళ్ళో తాము ఇరుకైపోయామన్న బాధ వాళ్ళది. కానీ ఠాకుమా అన్న ఒక మాట నన్ను వదల్లేదు: ‘రేషన్ కార్డు మీద మేం శరణార్థులం. పేపర్లో లీగ్ పట్టిక మీద మాత్రం ఈస్ట్ బెంగాల్ అని మా దేశం పేరు ఉండేది. పైనే ఉండేది.’

దేశం పటం మీద ఆ పేరు లేకుండా పోయింది. జెర్సీ మీద మిగిలింది. 1970 నుంచి 75 దాకా వరసగా ఆరేళ్ళు లీగ్ వాళ్ళదే. 1975 సెప్టెంబర్ 30న షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని 5-0తో కొట్టిన రాత్రి ఈ కాలనీలో ఎవరూ పడుకోలేదట. అవతల ఒక మోహన్ బగాన్ కుర్రాడు ఆ ఓటమి తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. ఠాకుమా ఆ సంగతి కూడా చెప్పింది, గొంతు తగ్గించి.

ఆవిడ మాటల్లో ఇంకొకటి గమనించాను. బెంగాలీలో ఇంటికి రెండు మాటలున్నాయి. బాడి అంటే సొంతిల్లు, పుట్టిపెరిగిన చోటు. బాసా అంటే ప్రస్తుతానికి ఉంటున్న చోటు, మన బస లాంటి మాట. ఠాకుమా బాడి అన్న ప్రతిసారీ అది బరిశాల్ గురించే.

17వ తేదీ మధ్యాహ్నం దాటాక జాదవ్‌పూర్‌లో లోకల్ ఎక్కాం. పెట్టె నిండా ఎరుపు, పసుపు. రోడ్డు మీద మాటాడోర్ వ్యాన్లలో జెండాలు ఊపుకుంటూ కుర్రాళ్ళు. సియాల్దాలో దిగాక మెట్రో వైపు నడుస్తుంటే దాదా ఆగి ఉత్తరం వైపు చూపించాడు. ‘ఠాకుమా వాళ్ళున్న ప్లాట్‌ఫారాలు అటువైపు. మ్యాచ్‌కి ఎప్పుడెళ్ళినా ఇక్కడొక నిమిషం ఆగుతాను.’ జనం మమ్మల్ని నెట్టుకుంటూ పోతున్నారు. ఆగాం.

సాల్ట్ లేక్ స్టేడియంలో 85 వేలమంది పడతారు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి లక్షా 31 వేలమంది పైగా వచ్చిన మైదానం ఇది, అప్పట్లో ఇంకా పెద్దది. మా గ్యాలరీలో నిలబడి చూస్తే అవతల సగం ఆకుపచ్చ, మెరూన్. ఒక వైపు ‘జొయ్ ఈస్ట్ బెంగాల్’ లేస్తే రెండో వైపు ‘జొయ్ మోహన్ బగాన్’ దాన్ని ముంచేస్తుంది. కాళ్ళ కింద సిమెంటు అదురుతోంది. 2020 జనవరిలో ఇదే మైదానంలో పౌరసత్వ చట్టం గొడవల మధ్య ఈస్ట్ బెంగాల్ అభిమానులు పెద్ద బ్యానర్ దించారు. ‘రక్తమిచ్చి కొన్న నేల, కాగితమిచ్చి కాదు.’ దాని అంచు ఒకటి పట్టుకున్నవాళ్ళలో దాదా ఉన్నాడు. చేతులు రెండ్రోజులు నొప్పెట్టాయట.

అతను గర్వంగా చెప్పిన రెండో రోజు 2024 ఆగస్టు 18. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ డాక్టర్ హత్యతో ఊరు ఉడికిపోతుంటే, బందోబస్తు చాలదని డెర్బీ రద్దు చేశారు. అయినా రెండు జట్ల అభిమానులూ ఇదే స్టేడియం బయటికి వచ్చారు, ఊళ్ళోని మూడో పెద్ద క్లబ్బు మొహమ్మదన్ స్పోర్టింగ్ వాళ్ళతో సహా. ఒకరి జెండా ఒకరు పట్టుకుని, ఒకరినొకరు భుజాలకెత్తుకుని న్యాయం కావాలని అరిచారు. లాఠీలు కలిసే తిన్నారు. ఆ రోజు దాదాని వెనక్కి లాగి దెబ్బ తప్పించింది మోహన్ బగాన్ జెర్సీ వేసుకున్న ఒక కుర్రాడు. పేరు అడిగే టైం లేదు.

ఆట ఏడింటికి మొదలైంది. ఒకరు గాయపడి తప్పుకుంటే ఈస్ట్ బెంగాల్ తరఫున దియమాంతకోస్ దిగాడు. మొదటి సగంలో పెనాల్టీ వేశాడు. రెండో సగం మొదలైన కాసేపటికి ఇంకొకటి. నా పక్కన తెలియని ముసలాయన నా చొక్కా పట్టుకుని ఏడుస్తున్నాడు. తర్వాత మోహన్ బగాన్‌కి అనిరుధ్ థాపా ఒకటి కొట్టాక మిగిలిన సమయమంతా ఒకటే టెన్షన్. దాదా మైదానం చూడడం మానేసి కళ్ళు మూసుకున్నాడు. విజిల్ పడ్డాక కూడా వెంటనే తెరవలేదు. 2-1.

తిరుగు ప్రయాణంలో సియాల్దా హోరెత్తిపోతోంది. బౌదీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, పుట్టింట్లో ఉంది. ఠాకుమా మొదటి రింగుకే ఎత్తింది. చుట్టూ అరుపులు, దాదా ఒక చెవి మూసుకుని స్పీకర్ పెట్టాడు.

‘ఎంత?’

‘రెండు ఒకటి, మనది.’

అవతల కాసేపు చప్పుడు లేదు.

‘చేమకాడల్లో ఇలిశ్ తల వేసి ఉంచాను. రాత్రయింది, ఇక బాసాకి రండి.’