30 మెష్ జాలి తెచ్చి తిప్పలు పడ్డాను

ఉప్పల్ దగ్గర మాకు చిన్న పిండి గిర్నీ ఉంది. పోయిన నెల జొన్నపిండి జల్లించే జాలి చిరిగితే, పాతది 30 మెష్ (అంటే అంగుళానికి 30 సందులు) కదా అని రాణీగంజ్ వెళ్లి 30 మెష్ స్టీల్ జాలే కోయించుకొచ్చా. రెండో రోజే పక్క గల్లీ పెద్దమ్మ డబ్బా పట్టుకొని వచ్చింది. "ఏంది బిడ్డా, పిండి గింత బరకగున్నది, రొట్టె కొడ్తుంటేనే పగుల్తున్నది" అంది.

నేనేమో రాళ్లు అరిగాయేమోనని గిర్నీ విప్పి ఒక పూటంతా పాడు చేసుకున్నా. తర్వాత పాత జాలి ముక్కనీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఫోన్ టార్చ్ వేస్తే, కొత్తదాంట్లోంచి వెలుతురు బాగా ఎక్కువ వస్తోంది. స్కేలు ఆనించి సూది మొనతో లెక్కపెట్టా. మొదట 31 వచ్చింది, ఎందుకంటే తీగలు లెక్కపెట్టా, లెక్కపెట్టాల్సింది సందులు. మళ్లీ చూస్తే రెండూ 30 మెష్షే!

తేడా అంతా తీగ మందంలో ఉంది. అంగుళానికి ఎన్ని సందులో మాత్రమే మెష్ నంబర్ చెప్తుంది. 25.4ని 30తో భాగిస్తే 0.847 మిల్లీమీటర్లు, కానీ అందులో ఒక తీగ కూడా కలిసి ఉంటుంది, అది తీసేస్తేనే కన్ను (అంటే సందు) సైజు. రెండు జాలీల అంచుల నుంచి ఒక్కో తీగ లాగి, నేతలో వంకరలు పోయి ఉంటాయి కాబట్టి వేళ్లతో సాపు చేసి, లేత్ నడిపే దోస్తు దగ్గర మైక్రోమీటర్‌లో పెట్టించా. పాతది 0.31, కొత్తది 0.19. అంటే పాత కన్ను 0.54, కొత్తది 0.66. బరక రాక ఏమొస్తుంది!

గేజ్ (తీగ మందం చెప్పే నంబర్) అడగాలని నాకు తెలీదు, షాపులో వాళ్లూ చెప్పలేదు (గేజ్ నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, అదో తిరకాసు). మళ్లీ షాపుకి వెళ్తే, కోసిన జాలి వాపసు తీసుకోరు, పాత గేజ్‌లో స్టాక్ లేదు. అక్కడే నిలబడి ఫోన్‌లో 36 మెష్‌కి అదే సన్న తీగతో లెక్క వేశా: 0.706లోంచి 0.19 పోతే 0.52. పాతదానికి దగ్గరే, అదే కోయించుకొచ్చా. కన్నుని కన్ను, తీగ కలిపిన కొలతతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే జాలిలో ఖాళీ ఎంతో తెలుస్తుంది. పాతదాంట్లో 40 శాతం, దీంట్లో 53. నిజంగానే పిండి ఇప్పుడు ఇంకా తొందరగా దిగుతోంది.

0.66 జాలిని మక్క రవ్వలోంచి పిండి వేరు చేయడానికి పెట్టుకున్నా. సన్న తీగ పాతదానంత కాలం ఆగదు, అందుకే 36 మెష్ ఇంకో అర మీటరు ఎక్కువే కోయించి అటక మీద పెట్టా.